నాన్న చుట్టిన వైరు

దెయ్యాలు లేవు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బాత్రూముల వెనక తెల్లచీర కనబడిందని బడి మానేస్తే, వాళ్ళని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి ఆ చీర ఎవరిదో, ఏ తీగ మీద ఆరేసి ఉందో చూపించి తీసుకొచ్చినదాన్ని. ఇంట్లో మా అత్తగారు దిష్టి తీస్తానంటే కూర్చుని తీయించుకుంటాను. అది నమ్మకం కాదు, ఆవిడతో వాదించే ఓపిక లేక.

ఇప్పుడు రాస్తున్నది నా కళ్ళముందు జరిగింది. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఒక్క మనిషి ఇది చదివి తనని తాను పోల్చుకోకూడదు, అందుకే ఆ జాగ్రత్త.

మా పుట్టిల్లు కోనసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య పెద్ద మురుగు కాలువ ఉంటుంది. చుట్టుపక్కల పొలాల నీరంతా దాన్లోకే దిగి సముద్రానికి పోతుంది. దాని మీద ఒక కాజ్‌వే. మామూలు రోజుల్లో ఆటోలు, ట్రాక్టర్లు, కొబ్బరికాయల లారీలు దాని మీదే తిరుగుతాయి. గట్టి వాన పడితే నీళ్ళు కాజ్‌వే పైనుంచి పోతాయి. అప్పుడు ఎక్కడివాళ్ళు అక్కడే.

మా నాన్న కాలువల మీద లాకుల దగ్గర పనిచేశారు. పడవలు వచ్చినప్పుడు తలుపులు ఎత్తడం, దించడం ఆ ఉద్యోగం. పడవలు తిరగడం మానేశాయి, లాకులు తుప్పుపట్టాయి, ఆయన రిటైరయి ఊరొచ్చేశారు. ఆయనతోపాటు మా బాబాయి కొడుకు రాంబాబు, వాడి భార్య దుర్గ, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. బాబాయి చిన్నవయసులోనే పోతే రాంబాబుని నాన్నే పెంచారు. మా అమ్మ కూడా పోయి చాలాకాలమైంది. మేమిద్దరం ఆడపిల్లలమే, నేనూ, మా చెల్లి వల్లీ. నేను మండపేటలో, అది విశాఖపట్నంలో. తనకి కొరివి పెట్టేది రాంబాబేనని నాన్న వాడు నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే చెప్పేశారు.

తుఫానొస్తే మా ఊళ్ళో కరెంటు పోతుంది. స్తంభాలు పడిపోయాయంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఊరందరి సెల్‌ఫోన్లకీ మా అరుగే దిక్కు. నాన్న పాత ట్రాక్టరు బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, దానికో పొడవాటి ప్లగ్గుల పెట్టె పెట్టుకున్నారు. జనం ఫోను వెనక ప్లాస్టరు ముక్క అంటించి, పేరు రాసి పట్టుకొచ్చేవారు. ఆ సందడి చూస్తే రేషన్ షాపు ముందు కూడా అంత జనం ఉండరనిపించేది.

నిండిన ఫోను ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయనే ఊడదీసి, వైరుని నాలుగు వేళ్ళ మీద చుట్టి, కొసని మధ్యలోంచి దూర్చి బిగించేవారు. కిళ్ళీకి లవంగం గుచ్చినట్టు ఉండేది ఆ ముడి. లాకుల దగ్గర తాళ్ళు చుట్టిన అలవాటు. ఆ చుట్ట మీద ఫోనుని బోర్లా పెట్టేవారు. “పరాయివాళ్ళ ఫోను మొహం మనం చూడకూడదమ్మా” అనేవారు. ఆ ముడి నేర్చుకుందామని నేను చాలాసార్లు చూశాను. నాకు రాలేదు. వల్లికీ రాలేదు. దగ్గరుండి పెరిగిన రాంబాబుకీ రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గాలీవానా బాగా ఉన్నప్పుడు ఎవరైనా పనుందని కాజ్‌వే దాటబోతే నాన్న వద్దని బతిమాలేవారు కాదు. చడీచప్పుడు లేకుండా ఆ మనిషి ఫోను ఊడదీసి, చుట్టచుట్టి బోర్లా పెట్టేసేవారు. “నీది ఛార్జింగ్ ఎక్కలేదయ్యా, కాసేపు కూర్చో” అనేవారు. ఒకసారి రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాయన ఒకడు ఇలాగే ఇరుక్కుపోయి, సాయంత్రం దాకా మా అరుగు మీద కూర్చుని నాన్నని పడతిట్టాడు. మర్నాడు అరటిగెల పట్టుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. నేను అడిగితే నాన్న నవ్వారు. “మాట చెబితే మనిషి ఆగడం లేదమ్మా. ఫోను చచ్చిపోతే మాత్రం గుమ్మం దాటడు.”

ఆ ఏడాది తుఫాను మా ఊరికి దగ్గర్లోనే తీరం దాటింది. మర్నాడు పొద్దున్న నాన్న పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్లు చూసుకుని, కాళ్ళు కడుక్కుని అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. దుర్గ కాఫీ తెచ్చేసరికి గోడకి జారగిలి ఉన్నారట. నిద్రపోతున్నారనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిందట. ఆ కాఫీ అలాగే చల్లారిపోయింది.

కబురు తెలిసి నేనూ మా ఆయనా మధ్యాహ్నానికి ట్రాక్టరు మీద చేరుకున్నాం. అప్పటికి కాజ్‌వే మీద నీళ్ళు పాదాలు తడిసేటంత ఉన్నాయి. వల్లి విశాఖపట్నం నుంచి రావాలి. రైళ్ళు లేవు. మర్నాడు పొద్దున్న బస్సులు వదులుతారని చెప్పారు. అందుకని రాంబాబు టౌనుకి వెళ్ళి శవాన్ని పెట్టే ఐసు పెట్టె, దాన్ని నడపడానికి చిన్న డీజిలు జనరేటరు తీసుకొచ్చాడు. పెట్టెని హాల్లో పెట్టి, నాన్నని దాన్లో పడుకోబెట్టారు. జనరేటరు వీధి వసారాలో గడగడలాడుతూ ఉండేది.

నాన్న బ్యాటరీ ఇంట్లో దీపాలకే అయిపోయింది. ఊళ్ళో కరెంటు ఉన్నది ఆ ఐసు పెట్టెకి ఒక్కదానికే. జనరేటరుకి తగిలించింది కూడా నాన్న ప్లగ్గుల పెట్టే. అందులో ఇంకా ఖాళీ ప్లగ్గులు ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు దండం పెట్టి, నాన్న మొహం చూసి, తర్వాత ఆ ప్లగ్గుల వైపు చూసేవారు. పాపం ఎవరూ నోరు తెరిచి అడగలేదు. రాంబాబే అన్నాడు. “పెట్టుకోండి. పెదనాన్న ఉంటే ఆయనే పెట్టించేవాడు.”

ఇంకేముంది. మర్నాడు పొద్దుటికి నాన్న కాళ్ళదగ్గర ఫోన్లు బారులు తీరాయి. ఎవరి పేరు వాళ్ళు ప్లాస్టరు మీద రాసి తెచ్చారు. మైలింట్లోంచి వస్తువు తీసుకెళ్ళకూడదు కాబట్టి, వెళ్ళేటప్పుడు ఫోను మీద పసుపునీళ్ళు చిలకరించి, వెంటనే కొంగుతో తుడుచుకుని పట్టుకెళ్ళేవారు. నాకు ఒళ్ళు మండింది. శవం దగ్గర ఈ తిరనాళ్ళేంటని రాంబాబుని కసిరాను కూడా. నిజానికి నాన్నకి అదే ఇష్టమని నాకూ తెలుసు.

వల్లి ఫోను చేసింది అప్పుడే. బస్సెక్కానంది. “అక్కా, నేనొచ్చేదాకా నాన్నని తీసుకెళ్ళొద్దు. ఒక్కసారి మొహం చూడనీ. చాలు.” పోయిన వేసవి తర్వాత అది నాన్నని చూడలేదు. పిల్లల పరీక్షలని ఒకసారి, అత్తగారికి ఒంట్లో బాలేదని ఒకసారి ప్రయాణం ఆపుకుంది. నువ్వొచ్చేదాకా కదిలించబోమని మాటిచ్చాను. మెయిన్ రోడ్డు మీద సెంటర్లో దిగి ఫోను చేస్తే రాంబాబు బండి మీద వచ్చి తీసుకొస్తాడని చెప్పాను. అప్పటికే నా ఫోను ఎర్రగీత చూపిస్తోంది.

ఊళ్ళో ఒక్క కంపెనీ టవరే పనిచేస్తోంది. ఆ సిమ్ము ఉన్నవాళ్ళు నేను, రాంబాబు, ఇంకా కొద్దిమంది. మా ఆయన ఫోన్లో అసలు సిగ్నలే లేదు. వల్లి ఫోను చేస్తే నాకో రాంబాబుకో రావాలి. అందుకని వెంటనే వెళ్ళి నా ఫోను ప్లగ్గుకి గుచ్చాను. ఛార్జింగ్ ఎక్కుతున్న గుర్తు వచ్చేదాకా చూసి మరీ లోపలికి వెళ్ళాను.

వచ్చి చూస్తే ఛార్జరు ఊడదీసి ఉంది. వైరు చుట్టి, కొస బిగించి, దాని మీద నా ఫోను బోర్లా పెట్టి ఉంది.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవరో తమ ఫోను పెట్టుకోడానికి నాది పీకేశారనుకున్నాను. కానీ నా ప్లగ్గు ఖాళీగానే ఉంది. ఎవరు తీశారని అడిగాను. ఎవరూ తీయలేదన్నారు. మళ్ళీ గుచ్చాను. ముడి విప్పడానికి కాస్త సేపు పట్టింది. అది నాన్న ముడి అని చేతులకి తెలుస్తూనే ఉంది. కానీ బుర్ర దాన్ని పట్టించుకోలేదు. ఊళ్ళో ఆయన చుట్టడం చూసిన పిల్లలు బోలెడుమంది ఉన్నారు, ఎవరో నేర్చుకుని ఉంటారని సర్దిచెప్పుకున్నాను.

రెండోసారీ అంతే. పంతులుగారు పిలిస్తే వసారాలోకి వెళ్ళొచ్చేసరికి వైరు చుట్టి, ఫోను బోర్లా. పిల్లలందర్నీ హాల్లోంచి బయటికి తోలేశాను. ఒక పిల్లాడి వీపు మీద ఒకటి వేశాను కూడా. వాడు నిజంగా ఏమీ ఎరగడని వాడి మొహమే చెప్పింది.

ఆ తర్వాత కుర్చీ లాక్కుని ప్లగ్గుల పెట్టె ఎదురుగా కూర్చున్నాను. చూద్దాం ఎవడొస్తాడో అని. నా ఫోను పక్క ప్లగ్గులో రాంబాబు ఫోను ఉంది. దుర్గ దాని దగ్గరే నేలమీద కూర్చుని, ఒక చెయ్యి ప్లగ్గుల పెట్టె మీద వేసి ఉంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి, ఆసరాకి పట్టుకుందనుకున్నాను. హాల్లో మేమిద్దరం, గోడవారగా ముసలమ్మలు. అప్పుడు మా మేనత్త వరసావిడ ఒకావిడ వచ్చి నన్ను పట్టుకుని గొల్లుమంది. ఆవిడ తల నా భుజం మీద ఉంది. ఆవిణ్ణి ఓదారుస్తూ కళ్ళు మూసుకున్నాను. ఆ కాసేపే. కళ్ళు తెరిచి ఆవిడ భుజం మీదుగా చూస్తే నా ఫోను బోర్లా ఉంది.

దుర్గని అడిగాను, ఎవరైనా వచ్చారా అని. తల అడ్డంగా ఊపింది. నా వైపు చూడలేదు. ఫోను తీసి చూస్తే నల్లగా చచ్చిపోయి ఉంది. ఐసు పెట్టె అద్దంలోంచి నాన్న మొహం కనిపిస్తోంది. “ఏంటి నాన్నా ఇది” అని పైకే అన్నాను. అన్నందుకు నామీద నాకే చిరాకేసింది.

రాంబాబు ఫోను మాత్రం నిండింది. దుర్గే తీసి వాడికిచ్చింది. దాంతో వల్లికి చేశాం. స్విచాఫ్. మళ్ళీ చేశాం. స్విచాఫ్. వాన మళ్ళీ మొదలైంది. పై ఊళ్ళ నీరంతా మురుగు కాలువలోకి దిగుతోందని, కాజ్‌వే కనబడటం లేదని ఎవరో వచ్చి చెప్పారు.

మధ్యాహ్నం దాటాక రాంబాబు ఫోను మోగింది. సెంటర్లో ఎరువుల కొట్టాయన. వాడు ఎప్పుడూ ఎరువులు కొనేది అక్కడే. “మీ అక్క వచ్చి నా కొట్లో కూర్చున్నారయ్యా, తీసుకెళ్ళు” అన్నాడు. వల్లికి కంఠతా వచ్చిన నంబరు నాదొక్కటే. అది చేస్తే స్విచాఫ్ వచ్చిందట. మా ఊరిపేరు, రాంబాబు పేరు చెబితే ఆయన దగ్గర వాడి నంబరు దొరికింది.

వాడు లేచాడు. ముసలివాళ్ళు అడ్డుపడ్డారు. కొరివి పెట్టాల్సినవాడు శవం ఇంట్లో ఉండగా నీళ్ళు దాటి పోకూడదన్నారు. ఇంకెవర్నైనా పంపమన్నారు. ఇంకెవరు వెళ్తారు ఆ వానలో? వాడు నా వైపు చూసి, “చిన్నక్క పెదనాన్న మొహం చూడకపోతే జన్మంతా ఏడుస్తాదక్కా. కాజ్‌వే నాకు కొత్తా ఏంటి. ఇప్పుడే వచ్చేత్తాను” అన్నాడు. దుర్గ ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి వాడి చొక్కా జేబులో పెట్టింది. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళొద్దని నేను అనలేదు. వల్లి మొహమే నా కళ్ళముందు ఉంది.

వాడు రాలేదు. వాడి ఫోనుకి చేద్దామంటే, పనిచేసే సిమ్ము ఉన్న ఫోన్లు ఊళ్ళో ఎవరెవరి జేబుల్లో ఉన్నాయో వెతికి తేవాల్సి వచ్చింది. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడుపుతున్నాడనుకున్నాం. తర్వాత, నీళ్ళు ఎక్కువగా ఉండి అవతలే ఆగిపోయి ఉంటాడనుకున్నాం. అలా అనుకోవడమే తేలిక. ఇద్దరూ ఎరువుల కొట్లో కూర్చుని టీ తాగుతూ ఉంటారనుకున్నాను.

డీజిలు అయిపోవచ్చింది. అది ఆగితే పెట్టె ఆగుతుంది. పొద్దు వాలకముందే తీసుకెళ్ళాలని పంతులుగారు తొందరపెట్టారు. చివరికి మా ఆయనే కొరివి పట్టుకున్నారు. అల్లుడు పెట్టొచ్చు, తప్పులేదన్నారు. తడికట్టెలు అంటుకోలేదు. జనరేటర్లో మిగిలిన డీజిలు తెచ్చి పోశారు. వల్లికి ఇచ్చిన మాట పోయిందని నేను ఇంటి దగ్గర గోడకి తల కొట్టుకున్నాను.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చాక ట్రాక్టరు ఒకటి ఇంటిముందు ఆపి, దాని బ్యాటరీకి నాన్న ఇన్వర్టరు తగిలించారు. ప్లగ్గుల పెట్టె అదే. ప్లగ్గు కూడా నేను పొద్దున్న వాడిందే. నా ఫోను గుచ్చాను. ఊడలేదు. ఎవరూ చుట్టలేదు. బుద్ధిగా ఎక్కింది. వెలిగిన వెంటనే మోగింది. ఎరువుల కొట్టు నుంచి వల్లి.

“అక్కా, రాంబాబు ఇంకా రాలేదేంటే?”

తెల్లారాక నీళ్ళు కాస్త తీశాయి. కాజ్‌వే మధ్యలో రోడ్డు కోసుకుపోయి పెద్ద గండి పడి ఉంది. పైన నీళ్ళు పారుతుంటే అది కనబడే అవకాశమే లేదు. బండి గండిలో దొరికింది. రాంబాబు ఆ కిందుగా గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉన్నాడు. జేబులో కవరు చుట్టింది చుట్టినట్టే ఉంది. ఫోను తడవలేదు. దాన్లో ఇంకా ఛార్జింగ్ ఉంది.

ఆ ఇంట్లో రెండో చావు గురించి నేను రాయలేను. దుర్గ అరవలేదు, ఏడవలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది. షాక్‌లో ఉందని అందరం అనుకున్నాం.

వల్లి పడవ మీద వచ్చింది. తండ్రి బూడిదే మిగిలింది, తమ్ముడు పాడెమీద ఉన్నాడు. అది నన్ను చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. ఫోను ఎందుకు ఆపేశావని అడిగింది. ఆపలేదని చెప్పాను. మిగతాది ఏం చెప్పను? నాన్న పీకేశారని చెప్పనా? పెద్దకర్మ దాకా నాతో మాట్లాడలేదు.

పెద్దకర్మ అయి భోజనాలు పూర్తయ్యాక, పెరట్లో చేతులు కడుక్కుంటూ అదే అడిగింది. అసలేం జరిగిందో చెప్పమంది. ఎగతాళి చేస్తే చెయ్యనీ అని మొత్తం చెప్పాను. అది ఎగతాళి చెయ్యలేదు. కొళాయి కట్టేసి లోపలికి వెళ్ళి తన హ్యాండుబ్యాగు తెచ్చింది. దాన్లోంచి పవర్‌బ్యాంకు తీసింది. నాన్నే కొనిచ్చారు దానికి, ప్రయాణాల్లో ఉంటుందని.

బస్సులో దాని ఫోను పవర్‌బ్యాంకుకి పెట్టి, ఒళ్ళో బ్యాగులో ఉంచుకుని కూర్చుందట. తుని దాటాక చూసుకుంటే వైరు ఊడి, చుట్టి ఉంది. కునుకు పట్టినప్పుడు తనే చుట్టేసిందేమో అనుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. పక్కసీటావిణ్ణి అనుమానించి కిటికీ వైపు జరిగింది. రావులపాలెం వచ్చేసరికి ఫోను చచ్చిపోయింది. పవర్‌బ్యాంకు మాత్రం నిండుగా ఉంది.

“ఆ రోజు నుంచీ నేనీ ముడి విప్పలేదక్కా” అంది. వైరు ఇంకా అలాగే చుట్టి ఉంది. నాలుగు వేళ్ళ చుట్ట, మధ్యలోంచి బిగించిన కొస.

నేను దాన్ని ముట్టుకోలేదు. మేమిద్దరం ఆ కొళాయి గట్టు మీద కూర్చున్నాం. నా ఫోను పనిచేసి ఉంటే వల్లి నాకే చేసేది, నేనే రాంబాబుని పంపేదాన్ని. దాని ఫోను పనిచేసి ఉంటే సరాసరి వాడికే చేసేది. ఎలా చూసినా ఎవరో ఒకరు ఆ నీళ్ళలోకి దిగేవారు. ఎవరూ దిగకుండా ఉండాలంటే ఫోన్లన్నీ చచ్చిపోవాలి. ఇదంతా వల్లే పైకి అంది. నేను అనలేదు.

అప్పుడు నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఉన్నారో లేరో తెలియని మనిషి మీద కోపం. కన్నకూతుళ్ళ ఫోన్లు పీకారు. పెంచిన కొడుకు ఫోను ఎందుకు వదిలేశారు? వాడు మాత్రం ఏం పాపం చేశాడు? చాలా నెలలు ఆ కోపం అలాగే ఉంది. దెయ్యాల్నే నమ్మనిదానివి, పోయిన మనిషి మీద కోపం పెట్టుకోవడమేంటని మా ఆయన అడిగేవారు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. దుర్గ పిల్లల్ని తీసుకుని మండపేటలో మా ఇంటికి వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. వంటింట్లో ఇద్దరం బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. దుర్గ తలెత్తకుండా అడిగింది.

“వదినా, మీరు సైన్సు చెబుతారు కదండీ. ఒకటి అడగనా?”

“అడుగు.”

“ఆ రోజు ఈయన ఫోను కూడా ఊడిందండి.”

నేను చేట కింద పెట్టాను.

“రెండుసార్లు ఊడింది. చుట్టి, బోర్లా పెట్టి ఉంది. మీ ఫోను ఊడకముందే. ఎవరో ఆకతాయి పనని నేను మళ్ళీ గుచ్చాను. చిన్నొదిన ఫోను వస్తాది, నాది చూస్తా ఉండు దుర్గా అని ఈయన చెప్పాడు కదండీ. అందుకని ఇంక ఊడకుండా చేత్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. నిండేదాకా. నా చేతికిందనుంచి ఎవరో లాగుతున్నట్టే ఉందండి. నేను వదల్లేదు.”

బయట వాన పడుతోంది. ఆమె తన కుడిచేతిని చూసుకుంటోంది, ఆ రోజు చూసుకున్నట్టే. అప్పుడు తెలిసింది నాకు, అది షాక్ కాదని.

“మావయ్యగారేనా వదినా?”

నాన్న మీద నా కోపమంతా ఆ క్షణంలో పోయింది. దాని జాగాలో వచ్చింది మాత్రం అంతకంటే భయంకరంగా ఉంది. నాన్నే అని నేను ఒప్పుకుంటే, ఈ పిల్ల చెయ్యి ఏం చేసినట్టు?

“ఏం కాదు. జనరేటరు అదురుకి ప్లగ్గులు ఊడతాయి. ఆ పెట్టె పాతది, లోపల రేకులన్నీ వదులైపోయాయి. అదురు నీ చేతికి లాగుతున్నట్టు తెలిసింది” అన్నాను. క్లాసులో చెప్పే గొంతుతో చెప్పాను.

“మరి వైరు చుట్టి ఉంది కదండీ?”

“పిల్లలు చుట్టారు. నేనే ఒకణ్ణి పట్టుకున్నాను, ఒకటి వేశాను కూడా. చూశావు కదా.”

“మావయ్యగారి ముడే వేశారండి.”

“చూసి నేర్చుకున్నారు.”

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను కళ్ళు దించలేదు. “మీరు చెబితే నమ్ముతాను వదినా” అని మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

వల్లి పవర్‌బ్యాంకు సంగతి దుర్గకి ఎప్పటికీ తెలియకూడదని వల్లితో ఒట్టు వేయించుకున్నాను. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్ని వైర్లతో ఎన్నిసార్లు ప్రయత్నించానో. ఆ ముడి నాకు ఇప్పటికీ రాదు. మా ఊరి పిల్లల్ని పిలిచి, వేసినవాళ్ళకి చాక్లెట్లిస్తానని చెప్పి చూశాను. ఒక్కరికీ రాలేదు. ఆ రోజు ఎవరు వేశారో, నడుస్తున్న బస్సులో నా చెల్లెలి ఒళ్ళో ఎవరు వేశారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనబడటం లేదు.

దుర్గ ఇప్పుడు మా ఊళ్ళోనే అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ఆకాశం మబ్బుపట్టి కరెంటు పోయిన రోజున నాకు ఫోను చేస్తుంది. పిల్లల చదువు గురించి, కొబ్బరికాయల రేటు గురించి మాట్లాడుతుంది. పెట్టేసే ముందు కాసేపు ఆగుతుంది. ఏం అడగబోతోందో నాకు తెలుసు. ఆమె అడగకముందే నేనే చెప్పేస్తాను.

“దెయ్యాల్లేవు దుర్గా.”